కొట్టు ముందు ధర్మం డబ్బా

యీ సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం వ్రాయమని కార్యవర్గం వారు అడిగినప్పుడు మేము మొదట కొండవీటి గురించో, నిజాంపట్నం గురించో వ్రాద్దామనుకున్నాము. కాని సర్వసభ్య సమావేశానికి రాబోయే విషయాల పట్టీ చూచిన తరువాత మనసు మారింది. బీద పిల్లల పుస్తకాల నిమిత్తం దుగ్గిరాల బజారు కొట్లలోను, తెనాలి రోడ్డు మీది దుకాణాలలోను చందా డబ్బాలు పెట్టాలన్నది అందులో ఒక ప్రతిపాదన. దాని మీద అప్పుడే రెండు పక్షాలు తయారైనవి. "అల్లా పేరు మీద పెట్టే డబ్బాకు రసీదులూ, రిజిస్టర్లూ ఎందుకు భాయి, నమ్మకం చాలదా?" అని ఒక పక్షం. "లెక్క లేని డబ్బాకు మా కొట్లో చోటు లేదు" అని రెండో పక్షం. రెండో పక్షంలో మన వాళ్ళే గాక, ఎంతో కాలంగా మనతో మంచిగా వుండే కిరాణా వ్యాపారస్థులు కూడా వున్నారు. అందులో ఒకాయన మాతో అన్న మాట ఇది: "మాస్టారూ, డబ్బా మీది, బల్ల నాది. రేపు ఎవడో తాళం పగలగొడితే దొంగ పేరు ఎవరికి వస్తుంది?"

ఆ ప్రశ్నకు నవ్వి వూరుకోవడానికి లేదు. ఒక వ్యాపారి స్థలంలో, ఇంకొకరి డబ్బాలో, దారిన పోయే మూడో మనిషి వేసిన పైసా, కంటికి కనబడని నాలుగో మనిషికి చేరాలి. నలుగురి మధ్య నడిచే వ్యవహారమిది. అయిదో వాడిగా సర్కారు ఎప్పుడు వచ్చింది, ఎందుకు వచ్చింది అనేదే యీ వ్యాసంలో మేము చెప్పదలచుకున్నది. అది బయటి దేశాల కథ మాత్రమే కాదు. మన పసుపు బస్తాల మీదుగా కూడా నడిచిన కథ.

వర్తకానికీ ధర్మానికీ ముడి చాలా పాతది. వర్తక సంఘాలు తమ సరుకు మీద బస్తాకింత, బండికింత అని తమకు తామే కట్టుకొని గుళ్ళకు, సత్రాలకు ఇచ్చిన సంగతులు శాసనాలలో వున్నవి. ఇక సర్కారు పుచ్చుకునే సుంకం సంగతి చూద్దామంటే చీరాల దగ్గరి మోటుపల్లిలో కాకతి గణపతిదేవుడు 1244–45 లో వేయించిన అభయ శాసనం వుండనే వున్నది. అంతకు పూర్వం గాలివానకు ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకు వస్తే అందులోని సరుకంతా రాజులు లాగేసుకునేవారట. గణపతిదేవుడు అది మాన్పించి, నిర్ణయించిన సుంకం తప్ప మరేమీ పుచ్చుకోబోమని రాతి మీద చెక్కించినాడు. సుంకం ముప్పయ్యో వంతు. మా పిల్లలకు యీ పాఠం చెప్పేటప్పుడు మేము ఒక మాట కలుపుతాము: రాయి మీద వ్రాసిన రేటు చూచి వర్తకుడు తన మనసులో లెక్క కట్టుకోగలడు. నోటి మాట రేటుకు ఆ సౌకర్యం లేదు.

ఆ తరువాత అయిదారు వందల ఏళ్ళు గడచి, 1788 లో గుంటూరు సర్కారు నిజాం చేతి నుంచి కంపెనీ చేతికి వచ్చింది. కంపెనీ వారు 1817 లో మద్రాసు 7వ రెగ్యులేషను తెచ్చి మసీదులు, దేవాలయాలు, సత్రాలు, వంతెనలు మొదలైన వాటికి ఇచ్చిన ఈనాముల రాబడి సక్రమంగా వాడుతున్నారా లేదా చూచే పని రెవెన్యూ బోర్డుకు అప్పగించారు. 1863 లో 20వ చట్టం చేసి ఆ పని నుంచి చాలా వరకు చేతులు దులుపుకున్నారు. యీ రెండు చట్టాలూ భూములు, కట్టడాలు వున్న ధర్మాలకు సంబంధించినవి. బజారులో రోజువారీగా రాలే ధర్మాన్ని అవి తాకలేదు. బస్తా మీద కోసే ధర్మం పైసలు వర్తకుడి పద్దు పుస్తకంలోనే పుట్టి, అక్కడే పెరిగి, అక్కడే ఖర్చయ్యేవి.

ఇక మన దుగ్గిరాల. రాష్ట్రంలో ఏ మూల యీ పేరు చెప్పినా పసుపు గుర్తుకు వస్తుంది. పసుపు రకాలలో ఒకదానికి యీ ఊరి పేరే వున్నది. కాలువ నీళ్ళు, రైలు స్టేషను, ఒక ప్రక్క తెనాలి, మరో ప్రక్క బెజవాడ. ఇంకేం కావాలి మార్కెట్టుకు? రైతు తొమ్మిది నెలలు పెంచి, త్రవ్వి, ఉడకబెట్టి, ఆరబెట్టి, మెరుగు పెట్టి కొమ్ము వేరు, కాయ వేరు చేసి బస్తాలకెత్తి తెస్తాడు. ఇంత కష్టపడి తెచ్చిన సరుకు కాటా ఎక్కే చోటనే పాత రోజుల్లో కోతలు మొదలయ్యేవి. మచ్చు అని గుప్పెడు, తరుగు అని కొంత, గుమాస్తా మామూలు, కాటా మామూలు, చివరికి "ధర్మం". అడితి కొట్టు పుస్తకంలో ధర్మం పద్దు అని ఒక పేజీ వుండేదని ముసలివాళ్ళు యిప్పటికీ చెప్పుకుంటారు.

కాస్త లెక్క వేసి చూద్దాము, అయ్యవారి బుద్ధి ఎక్కడికి పోతుంది! బస్తాకు అణా చొప్పున కోస్తే నూరు బస్తాలకు నూరు అణాలు, అంటే ఆరు రూపాయల నాలుగణాలు. ఆ రోజుల్లో అది చిన్న మొత్తం కాదు. రైతు "నాకు యిష్టం లేదు" అనవచ్చునా? అప్పు ఇచ్చినవాడూ, సరుకు అమ్మిపెట్టేవాడూ, లెక్క వ్రాసేవాడూ ఒక్కడే అయినప్పుడు ఆ మాట అనడానికి నోరు రాదు. తరువాత ఆ సొమ్ముతో బాటప్రక్క చలివేంద్రం వెలిసేది, సత్రంలో గది లేచేది, గోశాలకు గడ్డి వచ్చేది. మంచి పనులే, కాదనము. ఆ చలివేంద్రంలో నీళ్ళు త్రాగిన వాళ్ళలో మన వాళ్ళూ వున్నారు. కాని చలువరాతి పలక మీద పేరు వర్తకుడిది, బస్తా రైతుది. ఆ రైతు సాయిబైనా, కమ్మవారైనా, మాలపల్లె వాడైనా, కోసిన పైసా ఏ ధర్మానికి పోవాలో నిర్ణయించేది అతను కాదు. దానం చేసినవాడికి తాను దానం చేసినట్లే తెలియదు. చరిత్రలో ధర్మం డబ్బాకు సంబంధించిన అసలు తగాదా ఇక్కడ వున్నదని మా అభిప్రాయం.

ఇది ఒక్క మన వైపు సంగతే కాదు. 1926 లో ప్రభుత్వం లిన్‌లిత్‌గో ప్రభువు అధ్యక్షతన వ్యవసాయానికి ఒక రాయల్ కమిషన్‌ను నియమించింది. (యీయనే తరువాత వైస్రాయి అయినాడు.) 1928 లో వచ్చిన దాని నివేదికలో మార్కెట్లలో రైతు పడే పాట్లు వివరంగా వ్రాశారు. తప్పుడు తూకాలు, గుడ్డల చాటున వేళ్ళతో బేరాలు, దళారుల పక్షపాతం, వాటితో పాటు మతం పేర, ధర్మం పేర రైతు మీద పడే కోతలు కూడా అందులో వున్నవి. ఎక్కడో సీమ నుంచి వచ్చిన దొరలు కూడా ధర్మం పద్దును దొంగ తూకం ప్రక్కన కూర్చోబెట్టారంటే ఆలోచించవలసిన సంగతే గదా. ధర్మం చెడ్డదని వారు అనలేదు. అడగకుండా కోయడం చెడ్డదన్నారు.

కమిషన్ చెప్పక ముందే బేరారులో 1897 లో పత్తి, ధాన్యపు బజార్ల చట్టం వచ్చి వున్నది. కమిషన్ నివేదిక తరువాత నిజాం రాజ్యంలో 1339 ఫసలీలో, అంటే 1930 ప్రాంతంలో, మార్కెట్ చట్టం చేశారు. మన మద్రాసు రాష్ట్రంలో 1933 లో వాణిజ్య పంటల మార్కెట్ చట్టం వచ్చింది. అందులో మొదట చేర్చినవి పత్తి, వేరుశనగ, పొగాకు. ప్రకటన ద్వారా ఇతర పంటలను చేర్చుకునే వీలు వుంచారు. ఉర్దూ మాధ్యమం అయ్యవార్లం కాబట్టి ఒక ముక్క చెప్పకుండా వుండలేము. తక్‌పట్టీ, అడితి, దలాల్, హమాలీ, మామూలు, రుసుము, రసీదు – యార్డులో రైతు నోట దొర్లే మాటల్లో చాలా భాగం మన వైపు నుంచి పోయినవో, మన వాళ్ళ ద్వారా వచ్చినవో. చట్టం ఇంగ్లీషులో వ్రాసినా బజారు మాత్రం తన మాట మార్చుకోలేదు.

యీ చట్టాల సారం చెప్పాలంటే కష్టమేమీ లేదు. మార్కెట్ కమిటీ అని ఒకటి వుంటుంది. పంచాయితీ లాగే అదీ ఒక విధంగా స్థానిక సంస్థ వంటిదే. రైతులూ వుంటారు, వర్తకులూ వుంటారు. నిబంధనలలో, బైలాలలో వ్రాసిన కోత తప్ప మరే కోత అయినా, దానికి ఎంత పవిత్రమైన పేరు పెట్టినా, చెల్లదు. వర్తకులు వూరుకోలేదు. మా వ్యాపార స్వాతంత్ర్యానికి భంగమని మద్రాసు చట్టం మీద సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. అరుణాచల నాడార్ కేసు అని దానికి పేరు. 1950ల చివర సుప్రీంకోర్టు ఆ చట్టం న్యాయమైనదేనని తేల్చింది. తరువాత ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాల రెండు పాత చట్టాల స్థానంలో 1966 లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయోత్పత్తులు, పశువుల మార్కెట్ల చట్టం వచ్చింది. మార్కెట్ సెస్సు కొనేవాడు కట్టాలన్నారు, అమ్మే రైతు కాదు. అమ్మకపు లెక్క తక్‌పట్టీగా రైతు చేతికి రావాలి. ఆ కాగితం మీద ధర్మానికి గడి లేదు. ఒక గడి లేకపోవడం కూడా చరిత్రే.

అయితే వర్తకుల ధర్మమంటే అంతా దోపిడీ అనుకుంటే అదీ అన్యాయమే. తమిళనాట నాడార్ కులస్థుల "మగమై" సంగతి చూడండి. ఒకప్పుడు గుళ్ళలోకి కూడా రానివ్వని వాళ్ళు. వర్తకంలో దిగి, తమ సరుకు మీద తామే ఇంత అని వేసుకొని, దానిని సంఘ నిధిగా కూడబెట్టారు. ఆడవాళ్ళు పొయ్యి మీద ఎసరు పెట్టేటప్పుడు పిడికెడు బియ్యం ప్రక్కన తీసేవారు. ఆ సొమ్ముతో 1889 లో విరుదునగరులో క్షత్రియ విద్యాశాల లేచింది. అక్కడ సర్కారు బలవంతమూ లేదు, దొంగ కోతా లేదు. ఎందుకంటే ఇచ్చేవాడూ, లెక్క అడిగేవాడూ ఒకే సంఘంలోని వాడు. సంవత్సరానికి ఒకసారి లెక్కలు చదివి వినిపించేవారు. మన సంఘం లాంటివి ఇలాంటి చోట చూచి నేర్చుకోవచ్చును. నేర్చుకోవడానికి మతం అడ్డు రాదు.

ఇప్పుడు కోర్టుల సంగతి. ఇది కొంచెం విచిత్రంగా వుంటుంది, ఓపికగా చదవాలి. 1899 లో ప్రివీ కౌన్సిల్ ముందుకు బొంబాయి వైపు నుంచి ఒక వీలునామా కేసు వచ్చింది. ఒకాయన తన ఆస్తిలో కొంత "ధర్మం" కోసమని వ్రాసి పోయినాడు. లండనులో కూర్చున్న న్యాయమూర్తులు ధర్మమంటే ఏమిటో నిర్ణయంగా చెప్పలేము, చాలా విస్తారమైన మాట, కాబట్టి ఆ వ్రాత చెల్లదన్నారు. మన దేశంలో చదువురాని ముసలమ్మకు కూడా అర్థమయ్యే మాట వారికి అర్థం కాలేదని ఆ రోజుల్లో చాలామంది చిరాకు పడ్డారు. కాని ఆ తీర్పులో ఒక కొస నిజం వున్నదని మాకు తోస్తుంది. "ధర్మానికి" అని మాత్రమే వ్రాసి వున్న డబ్బాను ఎవరైనా, ఎటైనా ఖాళీ చేసుకోవచ్చును.

బొంబాయి ప్రభుత్వం 1950 లో పబ్లిక్ ట్రస్టుల చట్టం చేసినప్పుడు యీ చిక్కును బజారు వైపు నుంచి విప్పింది. వ్యాపార ఆచారం ప్రకారం ధర్మం పేర ఎవరు వసూలు చేస్తే, ఆ సొమ్ముకు వారే ట్రస్టీలు. అది వారి సొంతం కాదు. ఏటా లెక్క అప్పజెప్పాలి. అంటే కొట్టు యజమాని గల్లా పెట్టెలో రెండు అరలు వున్నవన్న మాట. ఒకటి తనది. రెండోది తన చేతిలో వున్నా తనది కాదు.

అయితే ఆదాయపు పన్ను వారికి గల్లా పెట్టె అంతా ఒకే అరగా కనబడింది. హత్రాస్‌లోని బిజ్లీ కాటన్ మిల్లు వారు నూలు అమ్మేటప్పుడు బిల్లులో "ధర్మాదా" అని విడిగా కొంత వసూలు చేసేవారు. అది కూడా మీ ఆదాయమే, పన్ను కట్టండని అధికారులు అన్నారు. ఏళ్ళ తరబడి నడిచిన కేసు 1970ల చివర సుప్రీంకోర్టులో తేలింది. మొదటి నుంచీ ధర్మం కోసమని వేరుగా చెప్పి పుచ్చుకున్న సొమ్ము వ్యాపారి ఆదాయం కాదు, అది అతని చేతిలో వుంచిన అమానత్ వంటిదని ఆ తీర్పు సారాంశం. ధర్మాదా అనే మాట వర్తక ఆచారంలో దాన ధర్మాలకేనని అందరికీ తెలుసునని కూడా అన్నారు. ఎనభై ఏళ్ళ క్రితం లండనులో అర్థం కాని మాట ఢిల్లీలో అర్థమైంది. 2019 లో డి.జె. మల్పానీ కేసులో ఎక్సైజు సుంకం విషయంలో కూడా సుప్రీంకోర్టు ఇదే దారిన నడిచి, ధర్మాదా సరుకు ధరలో భాగం కాదన్నది. యీ తీర్పులన్నింటిలో వ్యాపారిని కాపాడింది ఏమిటంటే బిల్లు మీద విడిగా వ్రాసిన ఒక్క వరుస. వ్రాయకుండా ధరలో కలిపేసి వుంటే అతనిని కాపాడే వాడు లేడు.

ఇక మన ఇంటి సంగతికి వద్దాము. రసీదు అడగడం ఈమాన్‌కు తక్కువ అనుకునే వారికి మేము రెండు విషయాలు జ్ఞాపకం చేస్తాము. ఒకటి, హదీసులో వచ్చే ఇబ్నుల్ లుత్బియ్య వృత్తాంతం, మన పిల్లలు కూడా దీనియాత్ క్లాసులో విని వుంటారు. జకాత్ వసూలుకు పంపిన మనిషి తిరిగి వచ్చి, ఇది మీది, ఇది నాకు కానుకగా ఇచ్చారు అన్నాడు. ప్రవక్త (స) అందుకు కోపగించి, ఇంట్లోనే కూర్చుని వుంటే నీకు ఆ కానుక వచ్చేదా అనే అర్థం వచ్చేటట్లు అందరి ముందూ మందలించారు. ఆ వచ్చిన మనిషి దొంగతనంగా ఏమీ దాచలేదు, బహిరంగంగానే చెప్పాడు. అయినా లెక్క అడిగారు. పైగా జకాత్ పుచ్చుకోదగిన ఎనిమిది వర్గాలలో వసూలు చేసేవారిని ఒక వర్గంగా ఖుర్‌ఆనే చెప్పింది. అంటే వారి కూలి కూడా బయటికి తెలిసేదే, చాటుగా తీసుకునేది కాదు.

రెండవది, దేవ్‌బంద్ మదర్సా. 1866 లో అది మొదలైనప్పుడు రాజుల ఈనాములు లేవు, జాగీర్లు లేవు. హాజీ ఆబిద్ హుసేన్ సాహెబు తన రుమాలు పరచి చందా అడిగిన సంగతి ప్రసిద్ధమే. మౌలానా ఖాసిం నానౌతవీ వారు వ్రాసిన ఎనిమిది సూత్రాలలో నిలకడైన ఆదాయం కన్నా మామూలు జనం చందా మీద ఆధారపడటమే మేలన్నారు. సర్కారు, పెద్ద ధనికుల జోక్యం తగదన్నారు. మరి నమ్మకం మీద నడవాలనుకున్న ఆ మదర్సా ఏం చేసింది? ఏటా రూదాద్ అచ్చు వేసింది. ఎవరు ఎంత ఇచ్చారో, ఎంత ఖర్చయిందో అందులో వుండేది. సర్కారు అడగలేదు, వీరే అచ్చు వేశారు. మన వాళ్ళు దేవ్‌బంద్ చందా పద్ధతి తీసుకున్నారు గాని, రూదాద్ పద్ధతి మాత్రం దారిలో ఎక్కడో జారవిడిచారు. కఠినంగా వున్నదా యీ మాట? వుండనివ్వండి.

డబ్బాకు వున్న ఒక ప్రత్యేక చిక్కు ఇక్కడే చెప్పాలి. డబ్బాలో వేసేవాడికి పేరు లేదు. 2006 ఫైనాన్సు చట్టం పేరు తెలియని దాతల సొమ్ము మీద నూటికి 30 చొప్పున పన్ను తెచ్చింది. కేవలం మత సంస్థలను దాని నుంచి మినహాయించారు. ధర్మ సంస్థలకు మాత్రం మొత్తం విరాళాలలో నూటికి 5 లేక లక్ష రూపాయలు, ఏది ఎక్కువైతే అంత వరకు వదిలిపెట్టారు. మనది చదువు, వైద్యం చూచే సంఘం. మసీదు హుండీకీ, మన పుస్తకాల డబ్బాకూ చట్టం కళ్ళలో తేడా పెట్టారన్న మాట. మన డబ్బాలలో లక్ష రాలుతుందని మేము కలగనడం లేదు, కాని తెలిసి వుండటం మంచిది. సంఘాల రిజిస్ట్రేషను విషయంలో కూడా 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సంఘాల చట్టం ఏటా జాబితా, లెక్కలు అడుగుతుంది.

మన పిల్లలు కొందరు అమెరికాలో వున్నారు. సెలవులకు వచ్చినప్పుడు వాళ్ళు చెప్పే డబ్బాల కథ వేరు. అక్కడ డబ్బా అంటే మనిషి ఎత్తు ఇనుప పెట్టె. దుకాణాల ముందు, పెట్రోలు బంకుల దగ్గర, బళ్ళు నిలిపే ఆవరణలో పెడతారు. జనం పాత బట్టలు, చెప్పులు అందులో వేసి పోతారు. కొన్ని పెట్టెలు ధర్మ సంస్థలవి, కొన్ని బట్టలు అమ్ముకునే వ్యాపారులవి, చూపుకు రెండూ ఒకటే. నిండినా తీసేవాడు లేక చుట్టూ చెత్త పేరుకునేది. స్థలం యజమానిని అడగకుండా రాత్రికి రాత్రి దింపి పోయేవారట. అందుచేత అక్కడి పురపాలక సంఘాలు నిబంధనలు చేయడం మొదలు పెట్టినవి.

మిచిగాన్ రాష్ట్రంలో సెయింట్ జాన్స్ అనే చిన్న పట్నం ఏకంగా అలాంటి పెట్టెలనే నిషేధించింది. ప్లానెట్ ఎయిడ్ అనే సంస్థ కోర్టుకు పోయింది. స్థలం యజమానుల అనుమతితోనే పెట్టామన్నది వారి వాదన. 2015 లో అక్కడి 6వ సర్క్యూట్ అప్పీలు కోర్టు ఆ నిషేధాన్ని నిలిపివేసిన ఉత్తరువును బలపరచింది. ధర్మం అడిగే పెట్టె కూడా ఒక రకంగా మాట్లాడటమే, పెట్టె నిలబడి "ఇవ్వండి" అని అడుగుతున్నది, ఆ నోరు మొత్తంగా మూయడానికి వీలు లేదన్నారు. మాకు యీ ఊహ బాగా నచ్చింది. ఇనుప పెట్టెకు కూడా నోరు వున్నదని న్యాయమూర్తులు ఒప్పుకున్నారు.

కాని కాలిఫోర్నియాలోని ఓక్లండ్ పురపాలక సంఘం 2015 లో వేరే దారి పట్టింది. నిషేధం కాదు, లైసెన్సు. ధర్మ సంస్థ పెట్టెకూ, వ్యాపారి పెట్టెకూ ఒకే నిబంధన. దాని మీద రీసైకిల్ ఫర్ చేంజ్ అనే సంస్థ కోర్టుకు వెళ్ళింది. 2017 లో 9వ సర్క్యూట్ కోర్టు ఆ నిబంధనలను ఆపడానికి ఒప్పుకోలేదు. నగరం పెట్టె చెప్పే మాట జోలికి పోలేదు, పెట్టె అనే వస్తువును, దాని చుట్టూ పేరుకునే చెత్తను మాత్రమే చూస్తున్నదన్నారు. రెండు తీర్పులూ ఒకదాని ప్రక్కన ఒకటి పెట్టుకుని చూస్తే తేడా సన్నగా కనబడుతుంది. అడగవద్దు అనడం ఒకటి. అడుగు, కాని ఎవరి స్థలంలో, ఎవరి పూచీ మీద అడుగుతున్నావో చెప్పు అనడం ఇంకొకటి.

కెనడాలో జరిగింది మాత్రం మనసు కలచివేసే సంగతి. బట్టల పెట్టెలలోని సొత్తు దొంగలెత్తుకుపోకుండా లోపలికి మాత్రమే తిరిగే రేకు తలుపులు అమర్చారు. చలికి బట్టల కోసమో, తల దాచుకోవడానికో లోపలికి దూరబోయిన వాళ్ళు అందులో ఇరుక్కుని ప్రాణాలు పోగొట్టుకున్నారు. 2018 డిసెంబరు 30న వెస్ట్ వాంకూవర్‌లో ఒక మనిషి, కొద్ది రోజులకే 2019 జనవరిలో టొరంటోలో ఒక ఆడమనిషి. అంతకు ముందు కూడా ఆ దేశంలో ఇలాంటి మరణాలు వున్నవి. బీదల కోసం పెట్టిన పెట్టె బీదవాళ్ళనే పట్టుకున్నది. ఆ తరువాతే చాలా ఊళ్ళ పురపాలక సంఘాలు అటువంటి పెట్టెలను మూయించినవి, తీసివేయించినవి. నిబంధన ఎందుకు అని అడిగేవారికి యీ ఒక్క ఉదాహరణ చాలు. పెట్టెలోని సొత్తు మీద పెట్టిన జాగ్రత్త, పెట్టె దగ్గరికి వచ్చే మనిషి మీద పెట్టలేదు.

మన డబ్బాలు అంత పెద్దవి కావు. జాజికాయ పెట్టె అంతో, నూనె డబ్బా అంతో వుంటాయి. చీకూ చింతా లేకుండా బల్ల చివర కూర్చుంటాయి. కాని దుగ్గిరాల బజారులో ఏ కొట్టుకైనా పోయి చూడండి. ఒకే బల్ల మీద గుడి ఉత్సవం డబ్బా, అనాథాశ్రమం డబ్బా, ఏ ఊరిదో తెలియని మదర్సా డబ్బా వరుసగా వుంటాయి. కొన్నిటి మీద అతికించిన కాగితం ఎండకు వెలిసిపోయి అక్షరం కనబడదు. "తీసుకుపోయేవాడు ఎప్పుడు వస్తాడండీ?" అని మేము ఒక కొట్లో అడిగితే, "వచ్చినప్పుడు వస్తాడు సార్, పేరు అడగలేదు" అన్నాడు. కొట్టు లోపల బల్ల మీద వున్నంత వరకు యజమాని మాటే చట్టం. అదే డబ్బాను మెట్టు దాటించి రోడ్డు మార్జిన్ మీద నిలబెడితే అది పంచాయితీ స్థలం, అక్కడ అనుమతి కావాలి. మార్కెట్ యార్డు లోపల అయితే కమిటీ వారిని అడగాలి. అక్కడ మాత్రం మేము డబ్బా పెట్టవద్దనే అంటాము. కాటా ప్రక్కన ధర్మం డబ్బా చూస్తే ముసలి రైతుకు పాత పద్దు గుర్తుకు వస్తుంది. యార్డులో రైతు చేతికి తక్‌పట్టీ వచ్చి, డబ్బు వచ్చి, గేటు దాటి బయట టీ త్రాగేటప్పుడు తన యిష్టం మీద ఒక రూపాయి వేస్తే అది అతని దానం.

కిరాణా ఆయన వేసిన ప్రశ్నకు కూడా జవాబు చెప్పాలి గదా. తాళం పగిలితే దొంగ పేరు ఎవరికి వస్తుందన్నాడు. మా సూచన ఇది. డబ్బా పెట్టేటప్పుడే కొట్టు యజమానికి సంఘం ముద్రతో ఒక చీటీ ఇవ్వాలి. డబ్బా సంఘానిది, పూచీ సంఘానిది అని అందులో వ్రాయాలి. తాళం చెవులు రెండు, ఇద్దరు వేరు వేరు సభ్యుల దగ్గర. నెలకు ఒకసారి ఆయన బల్ల మీదే, ఆయన కళ్ళ ముందే విప్పి, లెక్కపెట్టి, ఆయన సంతకం తీసుకోవాలి. కొట్టు పేరు, మొత్తం వచ్చే ఏడాది యీ సంచికలోనే అచ్చు వేయాలి. దుగ్గిరాల రూదాద్ అనుకోండి. ఆయనతో యీ మాట అంటే, "అయితే మంచిదే, కాని సంతకానికి కొట్లో రద్దీ లేని వేళ రండి" అన్నాడు. శుక్రవారం వద్దన్నాడు, ఆ రోజు మన వాళ్ళకే తీరిక వుండదని ఆయనకు తెలుసు.

డబ్బా మీద ఏమి వ్రాయాలన్నది ఇంకా తేలలేదు. "ఖైరాత్" అని ఉర్దూలో అందంగా వ్రాయిద్దామని కొందరు పెద్దలు అంటున్నారు. ఖుష్‌నవీసీ మీద మాకూ మమకారమే, బడిలో ఆ అక్షరాలు దిద్దించేది మేమే. కాని ఆ కొట్టుకు వచ్చేవాళ్ళలో నూటికి తొంభై మందికి ఆ లిపి రాదు. మన పిల్లలలో కూడా చాలామందికి రాదు. "బీద పిల్లల పుస్తకాలకు" అని తెలుగులో పెద్ద అక్షరాలతో వ్రాసి, దాని క్రింద సంఘం పేరు, రిజిస్టరు నంబరు, డబ్బా విప్పే తేదీ వ్రాసి, మిగిలిన చోటులో ఉర్దూ వ్రాద్దాము. రంగు మాత్రం పసుపు వద్దు, యీ ఊళ్ళో అన్నీ పసుపే, కనబడదు.